కనుక్కున్నందుకు కూలి ఎంత?

మా మామ లారీ బెల్ హౌసింగ్ దగ్గర ఆయిల్ కారుతోంది. మూడు నెలల్లో రెండుసార్లు గేర్‌బాక్స్ దించి, క్లచ్ విప్పి, క్రాంక్ వెనకాల ఉండే ఆయిల్ సీల్ మార్పించాడు. రెండుసార్లూ కలిపి 16 వేలు అయ్యింది, బండి నాలుగు రోజులు నిలబడింది. రెండోసారి మార్చిన పది రోజులకే మళ్ళీ అదే చోట అదే మరక.

మూడో మెకానిక్ ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత తీశాడు. గుప్పుమని పొగ వచ్చింది. మూతని తిరగేసి ఆ రంధ్రం మీద పెడితే గంతులేసి కింద పడింది. "బ్యాక్ కంప్రెషన్ అన్నా. బోర్ పని చెయ్యాలె. లక్షా ఇరవై పట్టుకో" అన్నాడు. మామకి ఇంకా రెండేళ్ళ కిస్తీలు ఉన్నాయి. ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని ఫోన్‌లో లెక్కలు వేస్తూనే కూర్చున్నాడు.

లారీ గురించి సాహిత్య క్లబ్ పత్రికలో ఎందుకు అనుకుంటారేమో. ఈ రెండు నెలల్లో నేను డీబగ్గింగ్ గురించి నేర్చుకున్నది ల్యాబ్‌లో కాదు, మలక్‌పేటలో ఒక రేకుల షెడ్డులో. అందుకే రాస్తున్నా. (ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, ఒత్తులు సరిచేసిన సీనియర్లకి థాంక్స్.)

మామ కర్నూలు నుంచి మలక్‌పేట గంజికి ఉల్లిగడ్డ తోలతాడు. మహబూబ్ మాన్షన్ మార్కెట్‌కి ఎప్పుడైనా పొద్దున్నే వెళ్తే తెలుస్తుంది, ఒకవైపు ఉల్లి పొట్టు, ఇంకోవైపు మిర్చి ఘాటు, మధ్యలో దుమ్ము. ఆ దుమ్ము ఆయిల్‌తో కలిసి ఇంజన్ మీద తారులాగా గడ్డ కడుతుంది. దాని కింద ఏది ఎక్కడ కారుతుందో దేవుడికి కూడా కనపడదు. మామ తీసుకెళ్ళిన నాలుగో మనిషి ఒక ముసలి ఉస్తాద్. ఆయన ఆ గడ్డ చూసి అన్న మొదటి మాట, "పహ్లే సాఫ్ కరో భాయ్. గీ మురికిల ఏం కనబడ్తది?"

డీజిల్, బ్రష్ పెట్టి మేమే గంటన్నర కడిగాం. ఆరాక ఆయన జాయింట్ల మీద ముఖానికి రాసుకునే మామూలు పౌడర్ చల్లాడు. ఇంజన్ ఆన్ చేయించి, కాసేపు రేస్ చేయించి, మొబైల్ టార్చ్ పట్టుకుని పైనుంచి కిందికి చూస్తూ వచ్చాడు. తెల్ల పౌడర్ మొదట తడిసింది అడుగున ఉన్న సీల్ దగ్గర కాదు, అన్నిటికంటే పైన, టాపెట్ కవర్ వెనక మూల. అక్కడి ప్యాకింగ్ నుంచి సన్నగా జారి, ఇంజన్ వీపు మీదుగా దిగి, బెల్ హౌసింగ్ కింద చుక్కగా పడుతోంది.

ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది, బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకని మరక ఉన్నచోటు నుంచి పైకీ ముందుకీ వెతకాలి. మన కోడ్‌లో ఎర్రర్ 42వ లైన్‌లో చూపిస్తుంది, అసలు తప్పు 17వ లైన్‌లో ఉంటుంది కదా, అట్లా. మొదటిసారి మార్చిన సీల్ నిజంగా పోయిందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

నేనైతే ఇక ప్యాకింగ్ మారిస్తే పని అయిపోయినట్టే అనుకున్నా. ఉస్తాద్ ఆగలేదు. "ప్యాకింగ్ ఎందుకు తడిసింది?" అని తనే అడిగి, బ్రీదర్ పైపుని చేత్తో తడుముకుంటూ దాని చివరిదాకా వెళ్ళాడు. చివర ఒక గుడ్డ, దాని మీద బిగించి కట్టిన తీగ. ఆయన మా వైపు తిరిగి అన్నాడు, "ఇంజన్‌కి సాస్ ఆడ్తలేదు బేటా."

ఆ గుడ్డ కట్టింది మామే. బండి పెట్టుకునే జాగాలో ఆయిల్ చుక్కలు పడుతున్నాయని వాచ్‌మన్ రోజూ గొడవ పడుతుంటే, పైపు చివర గుడ్డ కట్టి ఆ సంగతే మర్చిపోయాడు.

ఇక్కడ కొంచెం సైన్స్. సిలిండర్‌లో డీజిల్ మండినప్పుడు పుట్టే వాయువు మొత్తం పిస్టన్‌ని తోయదు, కొంత రింగుల సందుల్లోంచి కింద క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. కొత్త ఇంజన్‌లో కూడా దిగుతుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్. ఆ దారి మూస్తే లోపల ప్రెషర్ పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్‌ని తోస్తుంది. ఈ రోజు ప్యాకింగ్, రేపు సీల్, ఎల్లుండి గేజ్ కడ్డీ. కాబట్టి మూత గంతులేసిందంటే కారణాలు రెండు రకాలు: లోపలికి గ్యాస్ ఎక్కువ రావడం, లేదా ఉన్న గ్యాస్ బయటికి పోలేకపోవడం. మొదటి రకంలో కూడా నేరం ఎప్పుడూ రింగులదే కాదు. టర్బో పాడైనా, బ్రేకుల కోసం గాలి నింపే కంప్రెసర్ అరిగినా ఆ గాలి క్రాంక్‌కేస్‌లోకే చేరుతుంది. మూత తీసి "బోర్" అనేసిన మనిషి చూసిన గుర్తు నిజమే, తేల్చిన రోగం మాత్రం తొందరపాటు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపుని యూ ఆకారంలో వంచి నీళ్ళు పోసి, ఒక పాత మూతకి రంధ్రం పెట్టి బిగించా. గుడ్డ తీసేశాక రెండు వైపులా నీళ్ళ మట్టంలో తేడా రెండు వేళ్ళు. ఉస్తాద్ బ్రీదర్ చివర బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టా. కాసేపటికే నీళ్ళు ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి. పది సెంటీమీటర్ల నీటి మట్టం అంటే వాతావరణ పీడనంలో నూరో వంతు మాత్రమే. అంత చిన్న ప్రెషర్‌ని కూడా అసలు లెక్కలోకి తీసుకోవాలని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నా అభిప్రాయం. మొదటి ఇద్దరు మెకానిక్‌లూ మోసగాళ్ళు అని నేను అనను. మామ వాళ్ళకి దేనికి డబ్బులిచ్చాడు? సీల్‌కి, గేర్‌బాక్స్ దించి ఎక్కించినందుకు. "రెండు గంటలు చూసి ఏం రోగమో చెప్పు, దానికి ఇంత ఇస్తా" అని ఏ బండి ఓనరూ అనడు. కాబట్టి వెతికే మెకానిక్‌కి ఆ రెండు గంటలు నష్టం, విప్పే మెకానిక్‌కి లాభం. పైగా బండి నిలబడితే రోజు కిరాయి పోతుందని మనమే తొందర పెడతాం. పార్టు మార్చడమే సంపాదన అయినప్పుడు పార్టులే మారతాయి. డాక్టర్ల దగ్గరా మన బుద్ధి ఇదే, మందు రాయకుండా "ఏం లేదు, పోండి" అంటే ఫీజు ఇవ్వడానికి మనసొప్పదు.

ఉస్తాద్ ప్యాకింగ్ ఖరీదు, బిగించిన కూలి మాత్రమే అడిగాడు, మొత్తం 900. మామ వెంటనే ఇచ్చేసి బయల్దేరబోయాడు. లక్షా ఇరవై వేల పని తప్పించిన మనిషికి 900 ఏంటి మామా అన్నా. "ఆయన మార్చింది గదే గదరా" అన్నాడు. షెడ్డు బయట ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. చివరికి ఇంకో 1000 ఇచ్చాడు, కొంచెం కోపంగానే. ఉస్తాద్ కూడా తీసుకోవడానికి ఇబ్బంది పడ్డాడు. "చూసినందుకు పైసలేంది భాయ్" అన్నాడు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఇద్దరికీ అది కూలిలా కనపడకపోవడమే నా బాధ.

మామది పాత బండి, పైపు కిందికి వేలాడుతుంది, గుడ్డ కడితే కంటికి కనపడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక చాలా లారీల్లో ఆ పొగని ఫిల్టర్ చేసి మళ్ళీ ఇంజన్‌లోకే పంపుతున్నారు. కార్లలో ఈ ఏర్పాటు 1960ల మొదట్లోనే కాలిఫోర్నియాలో వచ్చింది. మంచిదే, మనం పీల్చే గాలికి. కానీ ఆ ఫిల్టర్ పూడుకుపోతే పని చేసేది మామ గుడ్డలాగానే, బయటికి కనపడదు అంతే. అప్పుడు వెతికే ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఆ ఓపికకి ఎవరు డబ్బులిస్తారు? నాన్నకో మామకో బండి ఉన్నవాళ్ళు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. ఈసారి మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు చూడ్డానికి ఎంత, చెయ్యడానికి ఎంత అని విడివిడిగా అడిగి చూడండి. మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి.

నిన్న మామ కర్నూలు దారిలో ఆగి గేజ్ కడ్డీ ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు. ఆయిల్ రెండు గీతల మధ్యలోనే ఉంది. గుడ్డ తీశాక కూడా మూత కొంచెం వణుకుతోంది, కాబట్టి రింగుల పని ఎప్పటికైనా తప్పదని ఉస్తాద్ ముందే చెప్పాడు. వచ్చే ఏడాది చూద్దాం అంటున్నాడు మామ. వాచ్‌మన్‌తో గొడవ మాత్రం మళ్ళీ మొదలైంది. పైపు కింద డబ్బా పెడుతున్నాం.