ఎద్దు పుండు కాకికి నొప్పా?



ఎరువుల కొరత గురించో, మద్దతు ధర గురించో రాయాల్సిన చోట ఈ నెల మేము ఫోన్లో ఆడే తుపాకీ ఆటల గురించి రాస్తున్నాం. రైతు సంఘానికీ ఆ ఆటలకూ ఏం సంబంధం అని కొందరు అడుగుతారు. సంబంధం ఉంది. ఆ ఆటలు ఆడుతున్నది మన పిల్లలు. ఆడుతూ ఆడుతూ వాళ్ళు వాదించుకుంటున్నది నిజం యుద్ధం గురించి. రేపు ఆ యుద్ధానికి పోయేది కూడా మన పిల్లలే.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. మే 7న మన సైన్యం దెబ్బ తీసింది. మే 10న కాల్పుల విరమణ జరిగింది. ఆ నాలుగు రోజులూ ఊళ్ళలో రచ్చబండల దగ్గర, టీ కొట్ల దగ్గర, పట్నాల్లో హాస్టళ్ళలో ఏం నడిచిందో మనమందరం చూశాం. నలుగురు ఒక స్క్వాడ్‌గా చేరి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆటలో తుపాకులు కాలుస్తూనే ఢిల్లీకి సలహాలు ఇచ్చారు. లాహోర్ లేపేయాలన్నారు. కరాచీ అయిపోయిందన్నారు. వాళ్ళను అని ఏం లాభం? కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని టీవీ చానళ్ళే అబద్ధం చెప్పాయి. స్క్వాడ్‌లో ఒక్కడు "యుద్ధమొస్తే ముందు పోయేది జవాన్లే కదరా" అంటే చాలు, మిగతా ముగ్గురూ మీద పడ్డారు. "నువ్వు మన సైన్యం పక్కనా, పాకిస్తాన్ పక్కనా?" అని నిలదీశారు. విరమణ వార్త రాగానే మ్యాచ్ మధ్యలో కరెంటు పోయినట్టు విసుక్కున్నారు.

మేము చెప్పేది ఒక్కటే. యుద్ధం కావాలని అరవడం జవానుకు మద్దతు కాదు. జవానును ఎందుకు పంపుతున్నారు, ఏం ఇచ్చి పంపుతున్నారు, వాడు రాకపోతే వాడి ఇంటికి ఎవరు దిక్కు అని అడగడమే మద్దతు. ఈ మూడు ప్రశ్నలు అడిగినవాణ్ణి దేశద్రోహి అన్నవాడు సైన్యం పక్షాన లేడు. ఆట పక్షాన ఉన్నాడు.

ఆట ఆటే, దాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారా? ఆటను ఆటగా చూడని వాళ్ళు మేము కాదు, ప్రభుత్వాలు. అమెరికా సైన్యం 2002లో జూలై 4న, వాళ్ళ స్వాతంత్ర్య దినాన, 'అమెరికాస్ ఆర్మీ' అనే వీడియో గేమ్‌ను సొంత ఖర్చుతో విడుదల చేసింది. కుర్రాళ్ళను సైన్యంలో చేరేలా ఆకర్షించడానికే దాన్ని తయారు చేశారు. 2022 దాకా నడిపారు. మరో ఆట ఉంది, ఆర్మా-3. అందులోని దృశ్యాలను నిజం యుద్ధం వీడియోలని ప్రచారం చేస్తున్నారని, నమ్మవద్దని, ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022లో ఆ ఆటను తయారు చేసిన కంపెనీయే ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2025 మేలో మన దగ్గరా ఇలాంటి ఆట దృశ్యాలే యుద్ధం వీడియోలుగా చేతులు మారాయి. ఆట ఏదో యుద్ధమేదో తెలియకుండా చూసి, చప్పట్లు కొట్టి, పక్కవాడికి పంపినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

మన పిల్లలు ఎక్కువగా ఆడే ఆటనే చూడండి. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు. మరుసటి ఏడాది అదే ఆట పేరు మార్చుకుని బీజీఎంఐగా వచ్చింది. ఇక్కడి నిబంధనల కోసం అందులో రక్తాన్ని ఎర్రగా కాకుండా పచ్చరంగులో చూపించారు. చంపడం అనే మాట తీసేసి 'ఫినిష్' అని పెట్టారు. పిల్లల మనసు పాడవకూడదని చేశామన్నారు. చేసింది మంచికే అనుకుందాం. కానీ ఎర్రగా లేని రక్తం, చావు అని పిలవని చావు చూసి చూసి, పడినవాడు మళ్ళీ లేచి లాబీలోకి వస్తాడని అలవాటైన బుర్రకు యుద్ధం బరువు ఎలా తెలుస్తుంది? సరిహద్దులో పడినవాడు లేవడు. వాడి పెట్టె ఊరికి వస్తుంది.

2025 మేలో ఆ పెట్టె శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండాకు వచ్చింది. నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో చనిపోయిన ఆ కుర్రాడు కూలి పనులు చేసుకుని బతికే గిరిజన కుటుంబం బిడ్డ, అగ్నివీర్. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోతే, వాళ్ళకు నాయకత్వం వహించిన కల్నల్ మన సూర్యాపేటవాడు. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి మిలిటరీ మాధవరం అని పేరు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరు తరం తర్వాత తరం బిడ్డలను సైన్యానికి ఇస్తూనే ఉంది. దేశంలో ఏ మూల చూసినా ఇదే కథ. నాగలి పట్టిన ఇంటి నుంచే తుపాకీ పట్టేవాడు వస్తాడు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి జై జవాన్, జై కిసాన్ అన్నది ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి కాదు. ఒకే ఇంట్లోని అన్నదమ్ముల గురించి.

మరి ఈ పుండు మీద వాలే కాకులు ఎవరు? గల్వాన్‌లో 20 మంది పోయి మూడు నెలలు తిరక్కముందే, 2020 సెప్టెంబరులో, 'ఫౌజీ' పేరుతో ఒక మొబైల్ ఆటను ప్రకటించారు. పేరున్న సినిమా హీరో దానికి ప్రచారం చేశాడు. మొదటి భాగం కథ గల్వాన్ లోయలోనే. నికర ఆదాయంలో 20 శాతం అమర జవాన్ల నిధికి ఇస్తామన్నారు. ఇవ్వనివ్వండి, సంతోషమే. కానీ చావు మనది, కథ మనది, ఆడేది మన పిల్లలు, మిగతా 80 శాతం ఎవరిది?

ఆ ఆట విడుదలైన తేదీ 2021 జనవరి 26. రైతు సంఘం మనిషి ఎవరూ ఆ తేదీని మరచిపోలేరు. ఆ రోజే ఢిల్లీలో మన ట్రాక్టర్ల పరేడ్. ట్రాక్టర్ల మీద మువ్వన్నెల జెండాలు కట్టుకుని వచ్చిన వాళ్ళలో కొడుకులను సరిహద్దుకు పంపిన తండ్రులున్నారు, మెడల్స్ తగిలించుకుని వచ్చిన మాజీ సైనికులున్నారు. ఒకవైపు జనం ఫోన్లలో బొమ్మ జవానును నడిపిస్తూ దేశభక్తి చూపించుకున్నారు. మరోవైపు నిజం జవాను తండ్రి మీద బాష్పవాయు గోళాలు పడ్డాయి. మన వాళ్ళను ఖలిస్తానీలన్నారు, దేశద్రోహులన్నారు. అన్నది ఎవరు? జవాను పేరు చెప్పి రోజూ రొమ్ము విరుచుకునే వాళ్ళే. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఇంకా చెప్పమంటారా? 2015లో ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ కోసం ముసలి సైనికులు జంతర్ మంతర్‌లో దీక్షకు కూర్చుంటే, ఆగస్టు 15కు ఒక్క రోజు ముందు పోలీసులు వాళ్ళను లాగిపారేయబోయారు. 2017లో సరిహద్దు భద్రతా దళం జవాను ఒకడు మాడిన రొట్టె, నీళ్ళ పప్పు పెడుతున్నారని ఫోన్లో వీడియో తీసి పెట్టాడు. చూసినవాళ్ళకు లెక్క లేదు. నాలుగు నెలలు తిరక్కుండా అతని ఉద్యోగం ఊడింది. ఆ రోజు పక్కన నిలబడ్డవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య, మాకు న్యాయం కావాలి గానీ ముస్లింల మీద, కాశ్మీరీల మీద పడొద్దు అన్నది. పెళ్ళయిన కొద్ది రోజులకే తాళి తెగిన ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టారు. జవాను నోరు విప్పకపోతే దేవుడు, విప్పితే పనికిరానివాడు. జవాను భార్య ఏడిస్తే వీరపత్ని, మాట్లాడితే శత్రువు. ఇదా మద్దతు?

అసలు పరీక్ష 2022 జూన్ 14న వచ్చింది. ఆ రోజు అగ్నిపథ్ ప్రకటించారు. అంతకు ముందు జవాను 15 ఏళ్ళు పనిచేస్తే బతికినంత కాలం పెన్షన్. ఇప్పుడు నాలుగేళ్ళు. నూటికి 25 మందిని మించి ఉంచుకోరు, మిగతావాళ్ళు ఇంటికి. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో చేతికొచ్చేది 21 వేలు. వెళ్ళేటప్పుడు సుమారు 11 లక్షల 71 వేలు ఇస్తారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. విధుల్లో చనిపోతే బీమా, పరిహారం ఒక్కసారి ఇస్తారు గానీ, తల్లిదండ్రులకు మిగతా జవాన్ల ఇళ్ళకు వచ్చినట్టు నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్ రాదు. ఒకే కందకం, ఒకే తూటా. చావుకు మాత్రం రెండు ధరలు. కల్లి తండా బిడ్డ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించింది, మంచిదే. ప్రభుత్వం ప్రకటించే సాయం వేరు, హక్కుగా వచ్చే పెన్షన్ వేరు.

జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో, ఏళ్ళ తరబడి తెల్లవారుజామున లేచి పరుగులు తీసిన కుర్రాళ్ళు ఆగ్రహంతో రైళ్ళ మీద పడ్డారు. ప్రజల ఆస్తిని తగలబెట్టడాన్ని మేము సమర్థించం. కానీ పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా రైతు బిడ్డ ఒకడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని తపించినవాడు స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే నేలకొరిగాడు. జూన్ 24న సంయుక్త కిసాన్ మోర్చా దేశమంతటా నిరసనకు పిలుపునిచ్చింది. సైనికులకు మద్దతు అంటే అదీ. ఆ నిరసనల్లో యుద్ధం కావాలని అరిచేవాళ్ళు ఎంతమంది కనిపించారు?

ఇక సరిహద్దు రైతు సంగతి. పంజాబ్‌లో ముళ్ళ కంచెకు అవతల మన రైతుల పొలాలు వేల ఎకరాలున్నాయి. గేటు తీసిన వేళకే పోవాలి, మూసే వేళకు రావాలి. ఎత్తు పెరిగే పంట వేయకూడదు. పార్లమెంటు మీద దాడి తర్వాత 2001 డిసెంబరులో సైన్యాన్ని సరిహద్దుకు తరలించి దాదాపు పది నెలలు నిలబెట్టారు. యుద్ధమే జరగలేదు. అయినా మందుపాతరలకు, ప్రమాదాలకు వందల మంది జవాన్లు బలయ్యారు. మందుపాతరలు పాతింది రైతుల పొలాల్లోనే. సాగు ఆగిపోయింది. మనుషులూ పశువులూ కాళ్ళు పోగొట్టుకున్నారు. 2025 మేలో పూంఛ్‌లో ఫిరంగి గుండ్లు పడి చిన్నపిల్లలతో సహా సామాన్యులు చనిపోయారు. 'లేపేయాలి' అన్న మాటకు అర్థం అక్కడి వాళ్ళను అడగండి.

యుద్ధం ఎక్కడో జరిగినా దెబ్బ మన గట్టు దాకా వస్తుంది. ఉక్రెయిన్ ఎక్కడ, మన ఊరెక్కడ? ఆ యుద్ధం వచ్చిన 2022లో పొటాష్ బస్తా 1,700 రూపాయలకు పోయింది. వంటనూనె ధర మండిపోయింది. దేశానికి కావలసిన పొటాష్ దాదాపు అంతా బయటి నుంచే వస్తుంది మరి.

ఉగ్రవాదులను ఏమీ అనకూడదా, చేతులు ముడుచుకు కూర్చోవాలా అని అడుగుతారు. పహల్గాంలో చంపినవాళ్ళకు శిక్ష పడాల్సిందే. దేశాన్ని కాపాడుకోవాల్సిందే. అందుకే మన బిడ్డలను పంపుతున్నాం. ప్రశ్నలు అడిగితే జవాను ధైర్యం దెబ్బతింటుందని కూడా అంటారు. జవాను ఆజ్ఞ పాటిస్తాడు, ప్రశ్న అడగలేడు. అతని తరఫున అడగాల్సింది ఓటు వేసిన మనమే. ఇంట్లో అప్పు తీరుతోందా, చెల్లెలి పెళ్ళి అవుతుందా, తాను పోతే అమ్మకు పెన్షన్ వస్తుందా అన్న బెంగ జవాను ధైర్యాన్ని తింటుంది. మన ప్రశ్నలు కాదు.

కుర్రకారూ! ఈ వ్యాసంలో కాకులన్నది మిమ్మల్ని కాదు. మీరు ఆ ఎద్దు జాతి వాళ్ళు. ఫోన్ పగలగొట్టమని మేము చెప్పడం లేదు. పొద్దంతా పనిచేసో, చదివో వచ్చి ఒక గంట ఆడుకుంటే తప్పూ లేదు. కానీ ఆటలో పక్కవాడు యుద్ధం కావాలని అరిచినప్పుడు, "మీ ఇంట్లో నుంచి ఎవరు పోతున్నారు?" అని ఒక్క మాట అడగండి. ఊళ్ళో రిటైరైన జవాను ఉంటే వెళ్ళి కూర్చుని మాట్లాడండి. యుద్ధం చూసిన మనిషి యుద్ధం గురించి ఎంత తక్కువ మాట్లాడతాడో మీకే తెలుస్తుంది.

మా డిమాండ్లు ఇవి:

1. అగ్నిపథ్‌ను రద్దు చేసి, పెన్షన్‌తో కూడిన పాత పద్ధతిలో సైనిక నియామకాలు జరపాలి.

2. విధుల్లో చనిపోయిన అగ్నివీరుల కుటుంబాలకు మిగతా జవాన్లతో సమానంగా కుటుంబ పెన్షన్ ఇవ్వాలి.

3. ఇప్పటికే చేరి నాలుగేళ్ళు పూర్తి చేసుకునే వాళ్ళందరికీ, కోరుకుంటే, కొనసాగే అవకాశం ఇవ్వాలి. మొదటి జట్టు గడువు 2026 చివర్లో నిండుతుంది.

4. సరిహద్దు రైతులు నష్టపోయే పంటకు ప్రతి ఏటా పరిహారం చెల్లించాలి.

5. సమగ్ర ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధరకు చట్టబద్ధత కల్పించాలి. సేద్యం గిట్టితేనే రైతు బిడ్డ సైన్యానికి ఇష్టంతో పోతాడు. గిట్టకపోతే గతిలేక పోతాడు.

ప్రతి గ్రామ శాఖా ఈ డిమాండ్ల మీద సంతకాలు సేకరించాలి. ముందుగా తుపాకీ ఆటలాడే కుర్రాళ్ళ దగ్గరికే వెళ్ళండి. సైన్యానికి మద్దతు అని రోజూ చెబుతున్నారు కదా, సంతకం పెట్టమనండి. పెట్టినవాడు మనవాడు. పెట్టనివాడికి ఇంకోసారి ఓపిగ్గా చెప్పండి, వాడూ మనవాడే.

జై జవాన్! జై కిసాన్!