బియ్యం సరే, ఫోను ఎందుకు?

"అయ్యగారూ, శరణార్థులకు బియ్యం ఇవ్వండి, దుప్పట్లు ఇవ్వండి, కాదనను. సెల్‌ఫోను, ఇంటర్నెట్టు కూడా ఉండాలంటారేమిటి?" అని మా సంఘ పెద్దలలో ఒకరు నన్ను అడిగారు. చాలామంది మనస్సులో ఉన్నదే ఆయన పైకి అన్నారు. కనుక ఈ నెల ఆ సంగతే కొంచెం వివరంగా చూద్దాం.

ప్రియ పాఠకులారా, 2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలల్లోనే ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మారులోని రఖైన్ రాష్ట్రం విడిచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు చేరారు. ప్రాణభయంతో పారిపోయే ఇంటివారంతా ఒకే దారిన పోగలరా? తల్లి కుతుపాలాంగ్ శిబిరంలో, కొడుకు మలేషియాలో, తమ్ముడు మన హైదరాబాదు బాలాపూర్‌లోని గుడిసెల్లో. ఇట్లా చెదరిన కుటుంబాలు వారిలో ఎన్నో. బ్రతికి ఉన్నాడా లేడా అని తెలియాలంటే ఫోను ఒక్కటే ఆధారం. గల్ఫుకు మనుష్యులను పంపిన కరీంనగర్, కోనసీమ ఇళ్ళవారికి ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇందులో మనకు తట్టని విషయం మరొకటి ఉన్నది. రోహింగ్యా భాషకు 1980లలో హనీఫీ లిపి అని ఒకటి ఏర్పడింది గాని, దానిని చదవగలిగినవారు తక్కువే. అందుచేత వారిలో అనేకులు ఉత్తరం వ్రాయరు. ఫోనులో మాట రికార్డు చేసి పంపుతారు. చదువురాని తల్లి కూడా దానిని పదిసార్లు పెట్టుకొని వింటుంది. అయితే అట్టి వర్తమానం సాఫీగా వెళ్ళాలంటే మామూలు సిగ్నలు చాలదు, ఇంటర్నెట్టు కావాలి.

టవర్లు లేకపోవడమే ఇబ్బంది అనుకుంటాం. కాదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2016లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచ శరణార్థులలో నూటికి 93 మంది కనీసం 2జి సిగ్నలు అందే చోటనే ఉన్నారు. అయినా నూటికి 29 కుటుంబాల్లో ఫోనే లేదు. ఉన్నవారు సైతం చేతిలో ఆడే డబ్బులో మూడోవంతు వరకు దానికే ఖర్చు పెట్టవలసి వస్తున్నదని అదే నివేదిక చెప్పింది. డబ్బు ఒక అడ్డు. రెండవది కాగితం. సిమ్ కార్డు కొనాలంటే గుర్తింపు పత్రం చూపాలి గదా! మయన్మారు 1982 పౌరసత్వ చట్టం మూలంగా స్వదేశంలోనే పౌరులు కాకుండా పోయిన మనుష్యులు ఏ పత్రం చూపగలరు?

2017 సెప్టెంబరులోనే బంగ్లాదేశ్ ప్రభుత్వం రోహింగ్యాలకు సిమ్‌లు అమ్మవద్దని కంపెనీలను ఆదేశించింది. జనం ఏం చేశారు? స్థానికుల పేరున తీసిన సిమ్‌లు కొన్నారు. సరిహద్దు దగ్గరివారు అవతలి మయన్మారు సిగ్నలు పట్టుకున్నారు. 2019 సెప్టెంబరులో మరో ఆదేశం వచ్చి, శిబిరాల్లో 3జి, 4జి నిలిచిపోయాయి. భద్రత కోసమన్నారు. నేరస్థులు కూడా ఫోను వాడతారన్నది నిజమే, ఆ భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. కాని కొందరి నేరానికి లక్షల మంది నోరు కట్టడం నాకు సబబుగా తోచదు.

ఇంతలో కరోనా వచ్చింది. 2020 మే నెలలో శిబిరంలో మొదటి కేసు బయటపడింది. పరీక్షకు పోతే తిరిగి రారనే వదంతులు గుడిసె గుడిసెకూ పాకాయి. నిజం చెప్పడానికి స్వచ్ఛంద సేవకులు మైకులు పట్టుకొని బురద సందుల్లో తిరగవలసి వచ్చింది. ఆగస్టు చివరకు గాని ఇంటర్నెట్టు తిరిగి రాలేదు. దాదాపు ఏడాది!

మరి దీనిని చక్కదిద్దేవారెవరు? శరణార్థుల విపత్తులలో సాధారణంగా ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆ బాధ్యత వహిస్తుంది. కాక్స్ బజార్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం ముందుండి నడిపింది. మొదట చూసేది సహాయకుల వైర్‌లెస్ సెట్లు, వారి ఆఫీసుల ఇంటర్నెట్టు. అది అవసరమే, లేకపోతే బియ్యం లారీ ఎటు పోవాలో తెలియదు. శరణార్థి చేతిలోని ఫోను సంగతి చాలాకాలం వెనుకబడే ఉండింది. టవరు కంపెనీ, ప్రభుత్వం, సహాయ సంస్థలు ఒకచోట కూర్చుంటేనే అది కదులుతుంది. ఛార్జింగ్ పెట్టుకోవడానికి కరెంటు ఎక్కడ, ఫిర్యాదు ఎవరికి, ఇంట్లో ఒకే ఫోను ఉండి అది భర్త జేబులో ఉంటే భార్యకు కబురు ఎట్లా? ఇవన్నీ ఆ బల్ల దగ్గర తేలవలసినవే.

ఒక్కొక్కసారి కావలసింది సంతకం మాత్రమే. ఉగాండా చూడండి. బిడిబిడి వంటి పెద్ద శరణార్థి స్థావరాలు అక్కడ ఉన్నాయి. శరణార్థులకు ప్రభుత్వమిచ్చిన ధ్రువపత్రం చూపినా సిమ్ ఇవ్వవచ్చునని ఆ దేశపు కమ్యూనికేషన్ల కమిషన్ 2019 ఆగస్టులో అనుమతించింది. కొత్త టవరు ఒక్కటైనా కట్టనక్కరలేదు!

ఫోను కూడా అందని చోట రెడ్‌క్రాస్ పాత పద్ధతి ఇంకా ఉన్నది. యుద్ధం వల్లగాని, వలస వల్లగాని తప్పిపోయినవారి ఆచూకీ వెదకడానికి, కుటుంబ వార్తలు మాత్రమే గల చిన్న ఉత్తరం చేర్చడానికి ఇండియన్ రెడ్‌క్రాస్ కూడా సాయపడుతుంది. రుసుము లేదు. ఉత్తరం మూయకుండా ఇవ్వాలి, రాజకీయాలు వ్రాయకూడదు. మీ ఊరి చుట్టుపక్కల అట్టి కుటుంబం ఉంటే ఈ సంగతి వారికి తెలియజేయండి. దరఖాస్తు నింపడానికి చదువు వచ్చిన ఒకరు వెంట వెళ్ళితే మంచిది.