అప్పీలు చేస్తే శిక్ష పెరుగుతుందా?

పోయిన శుక్రవారం మా క్యాంపు మెస్సు దగ్గర నిజామాబాదు అన్న ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. ఆయన తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. తప్పుడు కాగితాలతో బ్యాంకు లోను అడిగాడు. అడిగింది 3 లక్షల డాలర్లు, చేతికి వచ్చింది 60 వేలు. తప్పు ఒప్పుకున్నాడు. జడ్జి మాత్రం 3 లక్షల లెక్కనే శిక్ష వేశాడు. "అప్పీలు చేస్తే ఇంకా పెంచుతరంట గదా సార్?" అని అన్న భయం.

అక్కడ ఫెడరల్ మోసం కేసుల్లో నష్టం ఎంతో చూసి శిక్ష మెట్లు ఎక్కిస్తారు. 2015లో సవరించిన పట్టికలో నష్టం 40 వేల డాలర్లు దాటితే 6 మెట్లు, రెండున్నర లక్షలు దాటితే 12. 2005 నుంచి జడ్జి ఈ పట్టికకు కట్టుబడనక్కర్లేదు, అయినా లెక్క అక్కడే మొదలవుతుంది. 2022లో ఒక అప్పీలు కోర్టు, నిజంగా పోయిన సొమ్మే నష్టం, కాజేయాలనుకున్నది కాదు అంది. కానీ 2024 నవంబరు 1 నుంచి అనుకున్న నష్టాన్ని కూడా నిబంధనలోనే రాసేశారు. ఈ తమ్ముడికి శిక్ష పడింది ఈ మధ్యనే కాబట్టి ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. ఇక మిగిలింది, ఆ 3 లక్షల లెక్కకు సాక్ష్యం ఉందా అని అడగటం. శిక్ష వేసిన రోజే లాయరు అభ్యంతరం చెప్పి ఉంటే బలం ఎక్కువ.

అన్న భయానికి జవాబు 2008లోనే వచ్చింది. ప్రభుత్వం తన వైపు నుంచి అప్పీలు వేయకుండా, ముద్దాయి అప్పీలులో పైకోర్టు తనంతట తాను శిక్ష పెంచకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు చిక్కు గడువు. జడ్జిమెంటు రికార్డుకెక్కాక 14 రోజుల్లో నోటీసు పడాలి. తప్పు ఒప్పుకున్న కాగితంలో 'అప్పీలు చేయను' అని రాసిచ్చాడేమో కూడా చూడాలి. రాసిచ్చినా సరే, ముద్దాయి వేయమని చెబితే లాయరు నోటీసు వేయాల్సిందే. 2019లో సుప్రీంకోర్టు ఈ మాటా తేల్చింది. ఫీజు కట్టలేని వాడికి అప్పీలుకు కూడా కోర్టే లాయరును ఇస్తుంది.

ఇది విన్నాక అన్న ఇంకో సంగతి బయటపెట్టాడు. "అప్పీలు నేను వేయిస్త" అని ఊళ్లో ఒకడు రెండు లక్షలు అడుగుతున్నాడట! నాకు ఒళ్లు మండింది. ఒక్క రూపాయి ఇవ్వొద్దన్నాను.

జడ్జిమెంటు పడి అప్పటికి తొమ్మిది రోజులు. అక్కడ తెల్లారే దాకా ఆగి మరదలికి ఫోన్ కలిపాం. అప్పీలు వేయమని లాయరుకు నోటిమాటతో కాదు, రాతపూర్వకంగా ఈ రోజే పంపమని చెప్పాం.