ఆదవాని పత్తి, అంతుచిక్కని నాణెము

యుద్ధము సప్తసముద్రముల కావల జరిగినను దాని వేడి ఆదవాని పత్తి బజారునకు తగులుట నేటి వింత కాదు. 1861 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు లింకను, తిరుగుబాటు చేసిన దక్షిణ రాష్ట్రముల ఓడరేవులను దిగ్బంధింప నాజ్ఞాపించెను. లాంకషైరు మిల్లులకు పత్తి కరవైనది. బ్రిటిషు వర్తకుల చూపు మన దేశపు నల్లరేగడి మీదికి మరలినది. నాడు బళ్ళారి జిల్లాలో భాగమైన ఆదవాని సీమయు అట్టి నేలయే. లివర్‌పూలులో ధర మూడింతలు దాటినది. 1865లో యుద్ధము ముగియగానే కుప్పకూలినది. బొంబాయిలో వాటాల జూదమాడిన షావుకార్లనేకులు దివాలా తీసిరి.

ఆ యుద్ధమున పాఠ్యపుస్తకముల కెక్కని చిత్ర మొకటి కలదు. దిగ్బంధములో చిక్కిన దక్షిణ ప్రభుత్వమునకు ఆయుధములు కొనుటకు బంగారము చాలదు. పత్తి మాత్రము గుట్టలుగా నున్నది. 1863లో ఆ ప్రభుత్వము పారిసులోని ఎర్లాంజరు సంస్థ ద్వారా 30 లక్షల పౌండ్లకు ఋణపత్రములు అమ్మినది. వడ్డీ నూటికి 7. పత్రము గలవాడు కోరినచో, పౌను బరువుకు 6 పెన్నీల లెక్కన పత్తి పుచ్చుకొనవచ్చును. లివర్‌పూలులో అంతకు మూడు రెట్లకు పైగా పలుకుచుండగా ఇంతకన్న చవుకబేర మేమున్నది? మెలిక ఒక్కటే: ఆ పత్తిని యుద్ధనౌకల కన్నుగప్పి తెచ్చుకొనుట కొన్నవాని పని! దక్షిణాది ఓడిపోయినది, ఆ అప్పు తీర్చరాదని 1868లో అమెరికా రాజ్యాంగమే శాసించినది. పత్రములు చిత్తుకాగితములైనవి.

సరిగా నూట యేబదియైదేండ్లకు అదే కథ మరల నడచినది. అమెరికా ఆంక్షలలో నలుగుచున్న వెనెజులా 2018 ఫిబ్రవరిలో తన చమురు నిక్షేపములనే హామీగా చూపి 'పెట్రో' అను క్రిప్టో కరెన్సీని వెలువరించినది. నెల తిరుగకముందే అమెరికా తన పౌరులు దానిని ముట్టరాదనెను. 2024 జనవరిలో పెట్రో మూతపడినది. పత్తి పోయి చమురు వచ్చినది. కాగితము పోయి గణకయంత్రము వచ్చినది. మెలిక మాత్రము మారలేదు.

ఈ నాణెము ఏ ప్రభుత్వమునకును లొంగదని నేటి విద్యార్థులలో పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకమును ఉపాధ్యాయులు తరగతిలో కొంత విప్పి చూపుట అవసరము. కమీషను వ్యాపారి ఖాతాపుస్తకము గుమాస్తా బీరువాలో నుండును. బిట్‌కాయిను ఖాతాపుస్తకమును ప్రపంచములో నెవడైనను తిరుగవేయవచ్చును. అందులో మనుష్యుల పేర్లుండవు, అంకెలు అక్షరములు కలిసిన చిరునామాలుండును. అంతియే భేదము. ఆ చిరునామా వెనుకనున్న వ్యక్తి, నాణెమును బియ్యముగానో తుపాకిగానో మార్చుకొనదలచిన నాడు ఒక దుకాణము గడప తొక్కక తప్పదు. ఆంక్షలు కాచుకొని యుండునది అచటనే.

రష్యా సొమ్ము మార్చిపెట్టు గారాంటెక్స్ అను సంస్థపై అమెరికా 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు విధించెను. ఆ గడప తరువాత మూడేండ్లు తెరచియే యుండెననుట దాచరాని సత్యము. 2025 మార్చిలో మాత్రము, డాలరుకు ముడివేసిన టెథర్ నాణెమును వెలువరించు సంస్థ, గారాంటెక్స్ చేతనున్న నాణెములను ఉన్నచోటనే స్తంభింపజేసినది. యజమాని లేడనుకొన్న నాణెమునకు యజమాని యుండెను!

పట్టుబడనివారు లేరా? ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో దుబాయిలోని బైబిట్ సంస్థనుండి సుమారు 150 కోట్ల డాలర్ల విలువ గల నాణెములు అపహరింపబడినవి. అది ఉత్తర కొరియా పని యని అమెరికా నేరపరిశోధక సంస్థ ప్రకటించినది. కావున ఈ సాధనము దుర్బలుని ఆయుధమనుట సాహసమే. సైన్యమును గూఢచారులును గల ప్రభుత్వమునకు ఇది పనికివచ్చును. పత్తి రైతుకు రాదు.

నమ్మకముతో పనిలేని డబ్బు కనిపెట్టితిమని ఈ నాణెముల వారందురు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతపనివారి సహకార సంఘమును నెలకొల్పినది అందుకు నేరుగా విరుద్ధమైన పునాదిమీద. సాలెవాని ముఖమెరిగి నూలిచ్చుట, అతడు నేసిన గుడ్డను సంఘమే అమ్మిపెట్టుట. ముఖ మెరుగుటలో మోసములు లేవని కాదు. మోసము జరిగిన నాడు అడుగుటకొక గుమ్మము కలదు.

ఇంతకును ఆంక్షలు విధించువారు ధర్మదేవత లనుకొనరాదు. రష్యా చమురు కొన్నందులకు శిక్షగా అమెరికా మన దేశపు సరకులపై 2025 ఆగస్టు 27 నుండి నూటికి 25 వంతున అదనపు సుంకము విధించినది. ఆ చమురు కొన్నది ఆదవాని రైతు కాడు. అటు అమెరికా తలుపు ఇరుకగుచుండ, వస్త్రపరిశ్రమకు ఊరటగా మన ప్రభుత్వము విదేశీ పత్తిపై నూటికి 11 వంతు గల దిగుమతి సుంకమును ఆగస్టు 19 నుండి తొలగించినది. మిల్లులకు చవుకగా పరదేశపు పత్తి దొరకినచో స్థానిక యార్డులో బేరము ఎవరి పక్షమునకు మొగ్గునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ మినహాయింపు మొదట సెప్టెంబరు నెలాఖరు వరకే యనిరి; పిదప డిసెంబరు 31 దాక పొడిగించిరి. రైతు పత్తి తీసి యార్డుకు తెచ్చు ముఖ్యమాసములు ఆ గడువులోనే పడినవి.