రెండో ప్రతి ఎక్కడుంది?

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిలో పనికి ఎప్పుడూ ఒక మీటరు ఉంటుంది. మరమగ్గాల కార్మికుల్లో ఎక్కువమంది ఒడిశా నుంచి వచ్చినవారు. వాళ్లకు నేసిన గుడ్డను బట్టి మీటరుకింత అని కూలీ. వజ్రాలు సానబట్టేవారికి రాయికింత. షిఫ్టు దిగేసరికి ఎంత పని జరిగిందో, చేతికి ఎంతొస్తుందో పనివాడికి తెలిసిపోతుంది. నవల రాసేవాడికి మాత్రం చాలాకాలం ఇలాంటి సదుపాయం లేదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని నాలుగు పేజీలు రాసి, తెల్లారాక మూడు కొట్టేసేవాడి కూలీ ఎంతని కట్టాలి?

ఆ లోటు కంప్యూటరు తీర్చింది. ఆస్ట్రేలియా రచయిత, ప్రోగ్రామర్ సైమన్ హేన్స్ తన నవలల కోసం తయారుచేసుకున్న వైరైటర్, కీత్ బ్లౌంట్ రూపకల్పనలో 2007లో బయటికొచ్చిన స్క్రివెనర్ లాంటి సాఫ్ట్‌వేర్లు నవలను ప్రకరణాలుగా, సన్నివేశాలుగా విడగొట్టి చూపిస్తాయి. ఏ సన్నివేశం ఎన్ని మాటలుందో చెబుతాయి. రోజుకు వెయ్యి మాటలని లక్ష్యం పెట్టుకుంటే ఎంత మిగిలిందో రాస్తుండగానే తెర మీద కనిపిస్తుంది. మామూలు వర్డ్ ఫైలు కూడా మాటలు లెక్కపెడుతుంది కానీ, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పదు.

ఈ లెక్కల పిచ్చికి పండగలాంటిది అమెరికాలో 1999లో క్రిస్ బాటీ మొదలుపెట్టిన నానోరైమో. నవంబరు నెలలో 50,000 మాటల నవల రాసెయ్యాలి. అంటే రోజుకు సుమారు 1,667. లక్షలమంది పాల్గొన్న ఆ కార్యక్రమాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది కానీ ఆ అలవాటు పోలేదు. తెలుగువారికి ఇది మరీ కొత్తేమీ కాదు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ కోసం ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో చెప్పారు. తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. 999 పేజీలు. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిపి బహుమతి పంచారు. అక్కడ లెక్క మాటల్లో కాదు, పేజీల్లో.

పేజీల్లోనే ఉండటం ఒకందుకు మంచిదే. తెలుగులో మాటల లెక్క అంత నమ్మదగ్గది కాదు. కంప్యూటరు దృష్టిలో మాట అంటే రెండు ఖాళీల మధ్య ఉన్నది. ఇంగ్లీషువాడు నాలుగైదు మాటల్లో చెప్పేదాన్ని తెలుగువాడు ‘రాలేకపోయాడు’ అని ఒక్క మాటతో తేల్చేస్తాడు. ‘వచ్చేసరికి’ అని కలిపితే ఒకటి, ‘వచ్చే సరికి’ అని విడదీస్తే రెండు. అంటే ఖాళీలు ఎక్కువ వదిలేవాడు ఎక్కువ రాసినట్లు! పోనీ అక్షరాలు లెక్కపెడదామంటే అదో తంటా. ‘స్త్రీ’ అన్నది ఛందస్సు తెలిసినవాడికి ఒకే అక్షరం, ఒక గురువు. యూనికోడ్‌కు మాత్రం అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. డిస్కు మీద అవి పద్దెనిమిది బైట్ల చోటు తీసుకుంటాయి. అందుకే ఇంగ్లీషు నవల కోసం ఎవరో పెట్టిన 50,000 లక్ష్యం తెలుగులోకి యథాతథంగా దిగదు. దిగితే రచయిత నడుం విరుగుతుంది. ఎవరి పాత రాత ఒక పేజీకి ఎన్ని మాటలొస్తుందో చూసుకుని, ఆ కొలతతో సొంత లక్ష్యం పెట్టుకోవడమే దారి. మీటరు పక్కవాడితో పోల్చుకోవడానికి పనికిరాదు, నిన్నటి తనతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు. ఆ మాటలు రేపటికి ఉంటాయా అన్నది ఇంకో ఎత్తు.

తెలుగు వారపత్రికలు ఒకప్పుడు పోటీల ప్రకటనల్లో ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టేవి. అరఠావుకు ఒకవైపే రాయాలి, ఇన్ని పేజీలు మించకూడదు అన్న నిబంధన కిందనే, రచనలు తిప్పి పంపడం కుదరదు కాబట్టి నకలు దగ్గర ఉంచుకోవాలన్న హెచ్చరిక ఉండేది. కార్బన్ కాగితం పెట్టి రాసినవారు నిశ్చింతగా ఉన్నారు. బద్ధకించినవారు పోస్టులో పోయిన కథ కోసం ఏళ్ల తరబడి బాధపడ్డారు. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేరే చేస్తోంది. రాయడం ఆపి రెండు క్షణాలు గడిస్తే స్క్రివెనర్ దానంతటదే సేవ్ చేస్తుంది, ఫైలు మూసేటప్పుడు బ్యాకప్ తీసి పెడుతుంది. వైరైటర్ కూడా ఎప్పటికప్పుడు ప్రతులు దాస్తుంది. అవి ఎక్కడ దాస్తాయో మాత్రం చాలామంది చూడరు. మనం మార్చకపోతే ఆ ప్రతి కూడా అదే కంప్యూటర్లో, అదే డిస్కు మీద ఉంటుంది. ఇంటి తాళంచెవికి మారుచెవి చేయించి రెండూ ఒకే గుత్తికి తగిలించినట్లన్నమాట.

దాని అర్థం సూరత్‌కు బాగా తెలుసు. 2006 ఆగస్టులో ఎగువన సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఉకాయ్ ఆనకట్ట నుంచి 9 లక్షల క్యూసెక్కుల వరకు నీరు వదలడంతో నగరంలో చాలా భాగం మునిగిపోయింది. రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి వరదలో నేల అంతస్తు గదిలోని సీపీయూ, దాని పక్క అరలో జాగ్రత్తగా పేర్లు రాసి పెట్టిన సీడీలు, బీరువా అడుగున కట్టకట్టిన రాతప్రతి అన్నీ ఒకే నీళ్లలో నానుతాయి. ప్రతులు మూడున్నా చోటు ఒకటే అయితే వరదకు అవి ఒక ప్రతే.

ఇంటర్నెట్‌లో దాచుకుంటే సరిపోదా అంటే, సగం సరిపోతుంది. డ్రాప్‌బాక్స్ లాంటివి వరదకు అందవు. కానీ వాటి పని రెండుచోట్లా ఒకేలా ఉంచడం. పదో ప్రకరణాన్ని పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. పాత ప్రతి కొన్నాళ్లు దొరకొచ్చు, ఆ గడువు దాటాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు. పైగా స్క్రివెనర్‌లో నవల అంటే ఒక్క ఫైలు కాదు, బోలెడు చిన్న ఫైళ్లున్న సంచి. ఒక కంప్యూటర్లో సగం ఎక్కి ఆగిపోయిన సంచిని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే గందరగోళమే. తేదీ వేసి విడిగా దాచిన ప్రతికి ఈ బెడద లేదు.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు అని నేర్పిన ఉదంతం హాలీవుడ్‌ది. పిక్సార్ సంస్థ 1998లో ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా ఒక తప్పుడు ఆదేశంతో సినిమా ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ తెరిచి చూస్తే అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. చంటిబిడ్డ కోసం ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ ఇంట్లో ఉన్న ప్రతి సినిమాను కాపాడింది. అంత పెద్ద స్టూడియోకు దిక్కయింది, ఎక్కడో వేరే ఇంట్లో ఉన్న ఒక కంప్యూటర్!

తెలుగు రచయితకు ఇంకో ప్రమాదం కూడా ఉంది, వరద లేకుండానే మునిగేది. 1990ల చివర, 2000ల తొలినాళ్లలో తెలుగు పుస్తకాల్లో చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కూర్చారు. ఆ ఫైళ్లు ఇప్పటికీ డిస్కుల మీద భద్రంగానే ఉండొచ్చు. తెరిస్తే కనిపించేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. ఎందుకంటే అందులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మలు తొడుక్కున్న లాటిన్ సంకేతాలు. ఫాంటు లేకపోతే తొడుగు ఊడిపోతుంది. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 వెర్షన్‌తో ఆగిపోయింది. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు వచ్చాయి కానీ వాటితో మార్చినదాన్ని ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర మళ్లీ కళ్లతో చూసి దిద్దుకోక తప్పదు. పుస్తకం అచ్చయిందిలే అని ఫైలును పట్టించుకోనివారు రెండో ముద్రణ సమయానికి మొత్తం మళ్లీ టైపు చేయించుకుంటారు. అందుకే సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుతోపాటు మామూలు యూనికోడ్ టెక్స్ట్‌గా ఒక ప్రతి తీసి పెట్టాలి. అందంగా ఉండదు, కానీ ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుంది.

కంప్యూటర్ నిపుణులు చెప్పే సూత్రం చిన్నదే. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. సూరత్ తెలుగువారికి ఇందులో చివరిదే అన్నిటికంటే తేలిక. తెలంగాణ చేనేత ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్ అన్నయ్య బీరువాలో పెట్టి రావడానికి ఖర్చేముంది? తర్వాతి పండక్కి దాన్ని అక్కడి కంప్యూటర్లో తెరిచి, చివరి ప్రకరణం చివరి వాక్యం దాకా ఉందో లేదో చూడాలి. చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ నగరంలో మాటల లెక్క, ప్రతుల లెక్క రెండూ చూసినవాడు కంప్యూటర్లు పుట్టకముందే ఒకరున్నారు. దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. నర్మద్‌గా ప్రసిద్ధుడైన నర్మదాశంకర్ దవే సూరత్‌లో 1833లో పుట్టారు. గుజరాతీకి ఒంటిచేత్తో నిఘంటువు కూర్చి 1873లో ‘నర్మకోశ్’గా తెచ్చారు. అందులో మాటలు 25,268. ఆత్మకథ ‘మారీ హకీకత్’ విషయంలో మాత్రం ఆయన జాగ్రత్త వేరు. 1866లో రాసి, తాను పోయేదాకా బయటపెట్టొద్దని చెప్పి, దగ్గరి మిత్రులకు ఇవ్వడానికి ఐదుకు మించకుండా ప్రతులు అచ్చువేయించారు. ఆయన ఉద్దేశం గోప్యతే కావచ్చు. 1886లో ఆయన మరణించారు. పుస్తకం పాఠకుల చేతికొచ్చింది 1933లో, శతజయంతి ఏడాది.