రంగు సరే, బ్రేకుల సంగతేంటి?

ఆదివారం పొద్దున్నే ఫోన్‌లో ఆ ఫొటో చూస్తూ కాఫీ చల్లార్చేశాను. 1963 షెవర్లే కోర్వెయిర్. నాలుగు డోర్ల సెడాన్, లేత నీలం రంగు, తళతళలాడే క్రోమ్. కింద ‘పూర్తిగా బాగు చేయించిన బండి, 12 వేల డాలర్లు’ అని ఉంది. డాలస్‌లో మా ఇంటి నుంచి గంట ప్రయాణం. మా ఆవిడ ‘చూసి రండి, కొనుక్కుని మాత్రం రాకండి’ అంది. మా ఎనిమిదేళ్ల పాప అప్పటికే చెప్పులేసుకుంది.

అప్పట్లో అమెరికా వాళ్లకి ఇది ‘కాంపాక్ట్’ కారట. పొడవెంతో తెలుసా? 15 అడుగులు! మన దగ్గర చిన్న కారంటే 4 మీటర్లలోపే కదా, ఇది నాలుగున్నర దాటుతుంది. ఇంజిన్ వెనక, డిక్కీ ముందు. రేడియేటరే లేదు, గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజిన్. ఆటోమేటిక్ గేరుంది గానీ అందులో ‘పార్క్’ లేదు. ఆపితే హ్యాండ్‌బ్రేక్ లాగాల్సిందే.

అమ్మే పెద్దాయన మంచి మనిషి. బానెట్, డిక్కీ అన్నీ తీసి చూపించారు. పాప వెనక సీట్లో ఎక్కి ‘నాన్నా, బెల్టేది?’ అంది. వెతికాం. వెనక లేవు. ముందున్నవి కూడా నడుముకి కట్టుకునేవే.

అప్పుడు గుర్తొచ్చాడు రాల్ఫ్ నేడర్. 1965లో ఆయన రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ కారు మీదే. 1964 దాకా వచ్చిన కోర్వెయిర్లలో వెనక చక్రం ఇరుసుతో కలిసి పైకీ కిందకీ ఊగుతుంది. మలుపులో స్పీడుగా తిప్పితే చక్రం కారు కిందకి వంగిపోయి, వెనక భాగం ఒక్కసారిగా జారొచ్చు. అందుకే కంపెనీ ఓ లెక్క చెప్పింది: ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పీఎస్ఐ గాలి. ముందు టైర్లు మెత్తగా ఉంటే వెనక భాగం కంటే ముందు భాగమే మొదట జారుతుంది. అదైతే డ్రైవర్ సర్దుకోగలడు.

ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే అమెరికాలో వాహన భద్రతా చట్టం వచ్చింది. 1972లో ప్రభుత్వ నివేదిక మాత్రం, ఆ కాలపు మిగతా కార్ల కంటే ఇదేమీ అధ్వానం కాదని తేల్చింది. నిజమే. కానీ పోల్చింది ఆ కాలపు కార్లతో. నేను తిరగాల్సింది ఇవాళ్టి హైవే మీద.

జేబులోంచి గేజ్ తీసి పెట్టి చూశా. నాలుగు టైర్లలోనూ 32! ‘టైర్ల షాపు వాళ్లు నింపారు, అన్ని కార్లకీ అంతే కదా’ అన్నారాయన. బ్రేకుల గురించి అడిగా. ఆ రోజుల బ్రేకులకి ఆయిల్ లైను ఒక్కటే. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ పోతాయి. అందులో ఏమైనా మార్పించారా అంటే, ‘పెయింటుకీ సీట్లకీ డబ్బంతా అయిపోయింది’ అని నవ్వేశారు. మోసం కాదది. కంటికి కనిపించేదే బాగు చేయించారు, అంతే.

కొనలేదు. కానీ 15, 26 అని ఓ కాగితం మీద రాసిచ్చా. ఆయన శ్రద్ధగా చదివి డాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకున్నారు. రేపు ఎవరు కొన్నా అది వాళ్లకి పనికొస్తుంది.

మీరూ ఇన్‌స్టాలో రీస్టోర్ చేసిన పద్మినీనో, పాత బుల్లెట్టో చూసి మనసు పారేసుకుంటారు. తప్పులేదు. బేరం మొదలెట్టే ముందు మాత్రం బ్రేకుల బిల్లు, టైర్ల వయసు అడగండి. కారైతే బెల్టులు కూడా చూడండి. పెయింటు ఎలాగూ ఫొటోలో కనిపిస్తుంది.

పాప మాత్రం ఇంటికొచ్చే దారంతా నాతో మాట్లాడలేదు.