మేయర్ సాబ్ ఇంటి ముందు కాలువ

మా వీధి చివర టీ బంకు దగ్గర నాకు కొత్త పేరు వచ్చింది. మేయర్ సాబ్. పొద్దున పాల ప్యాకెట్ కోసం వెళ్తే, "మేయర్ సాబ్‌కు ఒక స్పెషల్ కొట్టు" అని లోపలికి కేకేస్తాడు బంకు భాయ్. అక్కడున్న నలుగురూ నవ్వుతారు. నేనూ నవ్వి టీ తాగుతా.

బనగానపల్లెకు మేయర్ ఎక్కడి నుంచి వస్తాడండీ? మాది పంచాయతీ. ఒకప్పుడు నవాబుల సంస్థానానికి రాజధాని. మా మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 'అరుంధతి' సినిమా వచ్చాక మా నవాబు బంగళా చూడ్డానికి బస్సులేసుకుని వచ్చినవాళ్లున్నారు. అయినా ఇప్పటికీ మా ఊరికి పెద్ద అంటే సర్పంచే.

ఆ పేరు పెట్టింది నా హైదరాబాద్ ఫ్రెండ్స్. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేద్దామనుకుంటున్నా అని గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టా. "కంగ్రాట్స్ మేయర్ సాబ్" అని ఒకడు రిప్లై ఇచ్చాడు. అది స్క్రీన్‌షాట్ అయి, మా చిన్నాన్న కొడుకు ఫోన్‌లోంచి టీ బంకు దాకా నడిచొచ్చింది.

ఈ శీర్షికలో ఇన్నాళ్లూ ఆఫీసు మీటింగులు, పీజీ హాస్టల్ సాంబారు, నగరం ట్రాఫిక్ గురించి రాశాను. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంజనీరింగ్ చదివి కోడ్ రాసుకుని బతుకుతున్నా. నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని, ఓటు కూడా ఇక్కడే. కాబట్టి ఈ వారం మా ఊరి సంగతి.

నిజం చెప్పాలంటే మేయర్ పదవి మీద నాకు మోజుండేది. లండన్‌లో 2000 సంవత్సరం నుంచి ఓటర్లే నేరుగా మేయర్‌ను ఎన్నుకుంటున్నారు. మన దగ్గరా ఒకప్పుడు అలాగే జరిగింది. 2002 జనవరిలో హైదరాబాద్ ఓటర్లు నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని మేయర్‌ను చేశారు. తర్వాత పద్ధతి మారింది. 2009 గ్రేటర్ ఎన్నికల్లో జనం కార్పొరేటర్‌కే ఓటేశారు, మేయర్‌ను కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకున్నారు. మా పాత జిల్లా కేంద్రం కర్నూలులోనూ ఇదే పద్ధతి. అక్కడ 52 డివిజన్లున్నాయి. ఒక మామూలు మనిషి "నేను మేయర్‌గా నిలబడ్డా, నాకు ఓటెయ్యండి" అని ఆ 52 డివిజన్లూ తిరిగి అడిగే వీలే లేదు. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో అవిశ్వాస తీర్మానం నెగ్గి మేయర్ మారారు. అంతా చట్టప్రకారమే జరిగింది. కానీ అన్ని లక్షల మంది ఓటర్లలో ఒక్కరికి కూడా బూత్‌కు వెళ్లే పని పడలేదు.

అదే మా ఊళ్లో చూడండి. సర్పంచ్‌కు ఒక బ్యాలెట్, వార్డు సభ్యుడికి ఇంకొకటి. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో సర్పంచ్‌ది గులాబీ రంగు, వార్డుది తెలుపు. 21 ఏళ్లు నిండి, ఓటర్ల జాబితాలో పేరుంటే నామినేషన్ వేయొచ్చు. పార్టీ గుర్తులు ఉండవు. పార్టీలు ఉంటాయనుకోండి, అది వేరే సంగతి. పదివేల జనాభా దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు రెండున్నర లక్షలు దాటకూడదని రూల్. ఈ రూల్ చెబితే బంకు దగ్గర ఇంకా గట్టిగా నవ్వారు.

మా ఊరు మున్సిపాలిటీ కావాలని చాలామందికి ఆశ. నాకూ ఉంది. నిధులు పెరుగుతాయి, సిబ్బంది పెరుగుతారు. కానీ ఆ రోజు మన చేతిలోంచి ఒకటి పోతుంది. పక్కనున్న బేతంచెర్ల నగర పంచాయతీ అయ్యాక 2021 నవంబర్‌లో అక్కడ ఎన్నిక జరిగింది. జనం వార్డు కౌన్సిలర్లకు ఓటేశారు, చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకున్నారు. ఊరు పెద్దదయ్యేకొద్దీ ఊరిపెద్దకూ ఓటరుకూ మధ్య ఒక మెట్టు పెరుగుతోంది. మా ఊళ్లో అది లేనప్పుడే ఒకసారి నిలబడి చూడాలని నా ఆలోచన.

ఇంట్లో చెప్తే అమ్మ అన్నం గంటె పక్కన పెట్టేసింది. "బంగారం లాంటి ఉద్యోగం పెట్టుకుని ఈ గబ్బు నీకెందుకురా? రేపు పిల్లనెవరిస్తారు?" అంది. నాయన ఏమీ మాట్లాడలేదు. ఆయన ఇరవై ఏళ్లకు పైగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాశాడు. మాట్లాడకపోతే ఒప్పుకోనట్టే లెక్క.

ఊళ్లో ఒక పెద్దాయనైతే ఇంటికే వచ్చి కూర్చున్నాడు. "చూడు నాయనా, 2021లో ఏకగ్రీవం చేసుకుంటే పదివేల జనాభా దాటిన పంచాయతీకి ఇరవై లక్షలిస్తామన్నారు. ఈసారీ అట్లాంటిది వస్తే నువ్వు అడ్డం పడొద్దు" అన్నాడు. ఇరవై లక్షలు చిన్న డబ్బు కాదు. కానీ ఆ ఇరవై లక్షల కోసం ఐదేళ్లకొకసారి వచ్చే గులాబీ కాగితం మడిచి జేబులో పెట్టుకోవాలా? ఆయనకు కాఫీ ఇచ్చి, ఆలోచిస్తానని చెప్పి పంపా.

ఇక సమస్యలు. మూడు వారాలు సాయంత్రం పూట నోట్‌బుక్ పట్టుకుని తిరిగా. మనకున్న జబ్బు తెలుసుగా, ప్రతిదానికీ ఒక యాప్ చేద్దామంటాం. ఫిర్యాదుల యాప్ ఒకటి మనసులో డిజైన్ కూడా చేసేశా. అయితే జనం చెప్పిన వాటికి యాప్ అక్కర్లేదు. ఎండాకాలం నీళ్లు. పండగ రోజుల్లో యాగంటికి పోయే బండ్లతో ఇరుకయ్యే రోడ్డు. వీధి కుక్కలు. బండల పాలిష్ నీళ్లతో వచ్చే తెల్ల బురద. అన్నిటికంటే ఎక్కువసార్లు నోట్‌బుక్‌లో పడింది మాత్రం మురుగుకాలువ.

డబ్బు సంగతి కూడా చూశా. ఈ-గ్రామస్వరాజ్ అనే వెబ్‌సైట్ ఉంది. దేశంలో ఏ పంచాయతీ ప్రణాళికైనా, ఖర్చయినా అందులో ఎవరైనా చూడొచ్చు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. మీ ఊరిదీ చూడండి, క్రికెట్ స్కోరు చూసినంత సులువు. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం ఇచ్చే డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు, జీతాలకు మాత్రం కాదు. ఆ డబ్బు కూడా నేరుగా చేతికి రాదు. గతంలో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద జమేసుకున్నారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీరూ పేపర్లో చదివుంటారు. సర్పంచ్‌కు నెలకు గౌరవ వేతనం మూడు వేలు. ఇది చెప్పాక అమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

సరే, కాలువకు వద్దాం. మాది వానలు తక్కువ పడే సీమ. సంవత్సరంలో ఎక్కువ నెలలు కాలువలో వాననీళ్లుండవు. అందుకే అది కాలువని మనం మర్చిపోతాం. దాని మీద మెట్లు కడతాం, అరుగు కడతాం, బైక్ ఎక్కడానికి ర్యాంపు వేస్తాం. ఒకరోజు సాయంత్రం గంటసేపు కుండపోతగా కురుస్తుంది. ఆ నీళ్లన్నీ పల్లానికి, జుర్రేరు వైపు పోవాలి. దారి లేక వీధిలోనే నిలబడతాయి. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. టీవీలో ఆ నీళ్లు చూసి భయపడ్డాం. అది తుంగభద్ర వరద, మాది మోకాలి లోతు మురుగు. కానీ కరువు సీమలో నీళ్లు రావులే అనే ధీమా మాత్రం రెండు చోట్లా ఒకటే.

కాలువ తీసే అక్కతో ఒక పొద్దున్నే మాట్లాడా. పార, గంప పక్కన పెట్టి నిలబడింది. "అక్కా, నేను గెలిస్తే ఈ వీధిలో కాలువ మొత్తం తీయిస్తా" అన్నా. ఆమె నవ్వలేదు. మా ఇంటి వైపు చేయి చూపించింది.

"తీయనీకి నేను రెడీనే సామీ. ముందు మీ ఇంటి కాడ బండలు తియ్యి. పార యాడ పెట్టాల? పైనుంచి పది ఇండ్ల చెత్త వచ్చి మీ మెట్ల కిందే ఆగుతాంది."

వెళ్లి వంగి చూశా. నిజమే. వీధిలో కాలువను అందరికంటే గట్టిగా మూసింది మేమే. మూడు మెట్లు, పక్కనే ర్యాంపు, కింద సిమెంటు. ఇరవై ఎనిమిదేళ్లలో రోజుకు పదిసార్లు ఎక్కి దిగాను కానీ దాని కింద కాలువుందని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ ర్యాంపుకో కథ ఉంది. మా జేజికి మోకాళ్లు పోయాక మెట్లు దిగలేకపోయేది. సాయంత్రం వీధిలో కూర్చోకపోతే ఆమెకు పొద్దుపోదు. నాయన ఫ్యాక్టరీ నుంచి బండలు తెచ్చి, రెండు ఆదివారాలు దగ్గరుండి ఆ ర్యాంపు కట్టించాడు. జేజి చివరి నాలుగేళ్లు దాని మీదుగానే బయటికొచ్చి కూర్చుంది. చివరికి దాని మీదుగానే వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆ మాట ఎత్తలేకపోయా. ఓట్లు అడగడం ఆపేస్తే సరిపోతుంది కదా, ర్యాంపు జోలికి పోనక్కర్లేదు కదా అని కూడా అనిపించింది. మూడో రోజు భోజనాల దగ్గర చెప్పేశా. నాయన చేయి కడుక్కుని లేచిపోయాడు. "మన ఇల్లే దొరికిందా నీకు?" అంది అమ్మ. ఇంకెవరి ఇల్లు మొదలు పెట్టమంటావని అడగబోయి ఆగిపోయా.

మరుసటి ఆదివారం పొద్దున బయట చప్పుడైతే లేచి చూశా. నాయన టేపు పట్టుకుని కాలువ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నన్ను చూసి, లెక్క చెప్తున్నట్టే చెప్పాడు. "సిమెంటుతో అతికిస్తే మళ్లీ ఎవరూ తీయరు. రెండడుగుల బండలు పరుద్దాం, ఇనప కొక్కేలు పెడదాం. ఇద్దరు మనుషులు లేపొచ్చు. తీసి, కాలువ బాగు చేసి, మళ్లీ పెట్టుకోవచ్చు. ముసలోళ్లకు నడవనీకి దారీ ఉంటాది." ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాణ్ణి నేను. ఆ డిజైన్ మాత్రం ఆయనది.

మేస్త్రీ, కూలీ, కొక్కేలు కలిపి నాలుగు వేల రెండు వందలు అయింది. గడ్డపారతో పాత సిమెంటు పగలగొడుతున్నప్పుడు నాయన లోపలికి వెళ్లిపోయాడు. కింద నుంచి మూడు గంపల బురద, లెక్కలేనన్ని ప్లాస్టిక్ గ్లాసులు, ఒక రబ్బరు బంతి వచ్చాయి. బంతి బహుశా నాదే. జేజి కూర్చునే చోట ఉండే బండను నాయన పగలనివ్వలేదు. దాన్ని వాకిలి పక్కన గోడకు ఆనించి పెట్టాడు.

ఇది చూసి మా వీధిలో మూడిళ్ల వాళ్లు అలాగే చేయించుకున్నారు. ఇద్దరు చూద్దామన్నారు. ఒకాయన మాత్రం "ముందు సర్పంచ్‌వి కా, అప్పుడొచ్చి నా మెట్ల గురించి చెప్పు" అన్నాడు. ఆయన మాటా తప్పు కాదు. అడిగే హక్కు ఓటుతో వస్తుందని ఆయన నమ్మకం. ముందు మన ఇంటి ముందు మొదలుపెట్టాలని నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

సర్పంచ్ సీటు ఏ రిజర్వేషన్ కిందికి వస్తుందో నోటిఫికేషన్ ముందు తేలుతుంది. నాకు కుదరకపోతే వార్డుకు వేస్తా. అదీ కుదరకపోతే గ్రామసభలో కూర్చుంటా. గ్రామసభకు ఓటరైతే చాలు, ఎవరూ రావొద్దనలేరు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకేరోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. నగరాల్లో ఉన్నవాళ్లకు ఈ వీలు లేదు. మనకుంది, మనమే వెళ్లం.

నిన్న సాయంత్రం టీ బంకు దగ్గర మళ్లీ అదే పిలుపు. ఈసారి భాయ్ నవ్వలేదు. గ్లాసు నా చేతికిచ్చి, కాస్త దగ్గరికి వంగి అడిగాడు.

"మేయర్ సాబ్, మీ మెట్లు తీసినారు, బాగుంది. నా బంకు కూడా కాలువ మీదే ఉంది కదా. పన్నెండేళ్లాయె. రేపు గెలిస్తే నన్నేం చేస్తావు?"

ఇంటి మెట్లకు కొక్కేలు పెట్టినట్టు ఒక కుటుంబం బతుకుకు పెట్టలేం. బంకును వెనక్కి జరపడానికి జాగా ఉందా, చక్రాల బండిలా మారిస్తే కుదురుతుందా, కుదిరితే ఆ ఖర్చెవరిది? నోట్‌బుక్‌లో రాసుకున్నా. జవాబు ఇంకా దొరకలేదు. అదే మాట భాయ్‌తో చెప్పా.

"సరే, దొరికినాకే ఓటు అడుగు" అన్నాడు. టీకి డబ్బులు మాత్రం తీసుకున్నాడు.